కక్షకొద్దీ భోజనం

ఆ ఎండాకాలం మేం ప్రతి సాయంత్రం ఇటాలియన్ హోటల్లో తిన్నాం. రుచి మరిగి కాదు, కక్షకొద్దీ.

మా వీధి చివర ఇస్త్రీ కొట్టుకీ చెప్పుల దుకాణానికీ మధ్య ఇరుక్కుని ఉండేది ఆ హోటలు. పట్టుమని పది బల్లలు లేవు. వాటిమీద ఎర్రగళ్ళ గుడ్డలు, గోడమీద ఇటలీ సముద్రం బొమ్మ. మా ఓనరు ఇటలీ మొహం చూసినవాడు కాదు. అయినా ఆ బొమ్మ ముందు నిలబడి, ఆ నీళ్ళలోనే ఈత నేర్చుకున్నవాడిలా వచ్చినవాళ్ళందరికీ కబుర్లు చెప్పేవాడు. బొమ్మ కింద పెద్దక్షరాలతో ఒక మాట కూడా రాయించాడు: "ఇక్కడ ఎవరినీ తొందరపెట్టం. ఎంతసేపైనా కూర్చోండి." ఆ మాట చూసుకుని తెగ మురిసిపోయేవాడు. దాన్ని ఎందుకు రాయించానురా దేవుడా అని ఆయన తల పట్టుకునేలా చేసింది మేమే.

మేమంటే నేనూ, వదినా, అత్తయ్యా, పొడుగోడూ. నేనూ పొడుగోడూ ఆ హోటల్లో బల్లలకి ప్లేట్లు అందించేవాళ్ళం. వదిన, అంటే మా ఆయన అక్క, వెనక సింకు దగ్గర గిన్నెలు తోమేది. మా ఆయన అక్కడే వంటవాడు. పొడుగోడు తప్ప అందరం ఇంట్లోనూ కలిసే ఉండేవాళ్ళం. అత్తయ్య మాత్రం గొడవ మొదలయ్యేదాకా ఆ హోటలు గుమ్మం తొక్కలేదు. పిండిని తాళ్ళలా సాగదీసి నీళ్ళలో ఉడకబెట్టడానికి ఒక హోటలేమిటో, దానికి తన కొడుకూ కూతురూ కోడలూ చాకిరీ చెయ్యడమేమిటో ఆవిడకి అంతుపట్టేది కాదు.

గొడవ అడుగంటిన సాసుతో మొదలైంది. టమాటా సాసు సన్నసెగ మీద చాలాసేపు ఉడకాలి. ఒకరోజు మా ఆయన ఫోనులో పడి దాని సంగతి మర్చిపోయాడు. వదిన ఆ గిన్నె గీకుతూ, "ఒరేయ్, మళ్ళీ మాడ్చావు. ఈ మసి వదిలేసరికి నా గోళ్ళు అరిగిపోయేట్టున్నాయి" అంది. నవ్వుతూనే అంది. వెనకే ఉన్న ఓనరు చెవిన పడింది. ఇక ఆయన్ని పట్టేవాళ్ళెవరు? ఆ రోజంతా బల్లబల్లకీ వెళ్ళి, "మా వంటాయనకి సొంత అక్కగారే సున్నా మార్కులు వేశారండీ" అని చెప్పి నవ్వించాడు. వంటింటి కిటికీ అవతల మా ఆయన మొహం కందగడ్డలా అయిపోయింది. ఆనాటినుంచి అక్కతో మాట్లాడ్డం మానేశాడు.

ఆయన కోపం ఎలాంటిదో చెప్పాలి. అరిచే రకం కాదు. అరిచి, రెండు గిన్నెలు విసిరికొట్టి, అన్నం తినకుండా పడుకునేవాడైతే ఎలాగో వేగొచ్చు. ఈయన మాట మానేస్తాడు. ఎదురుగా మనిషి నిలబడితే అక్కడ ఖాళీ జాగా ఉన్నట్టే చూస్తాడు. ఉప్పు అందించమని అడిగితే ఉప్పు డబ్బా తీసి తనకి వేసుకుని పక్కన పెడతాడు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి నాతో అలా ఉంటే నాకు నిజంగానే నేను ఇంట్లో ఉన్నానా లేనా అని అనుమానం వచ్చింది. అద్దం చూసుకుని ధైర్యం తెచ్చుకున్నాను.

హోటలు వంటింట్లో ఒక పద్ధతుంది. ఇరుకు చోటు. ఎటు తిరిగినా నిప్పూ కత్తులూ మరిగే నీళ్ళూ. చేతిలో వేడిది పట్టుకుని ఎవరి వెనకనుంచి పోతున్నా "వెనక" అని గట్టిగా కేకెయ్యాలి. ఆ కేక వినగానే అవతలివాళ్ళు ఉన్నచోట ఉన్నట్టే ఆగిపోవాలి. తిరగకూడదు, వంగకూడదు. పనిలో చేరిన రోజే నేర్పే మొదటి పాఠం అది. ఓనరైతే ఉత్త చేతులు ఊపుకుంటూ నడుస్తూ కూడా "వెనక, వెనక" అనేవాడు.

ఆ మధ్యాహ్నం నేను వంటింటికీ హాలుకీ మధ్య ఉన్న కిటికీ దగ్గర ప్లేట్ల కోసం కాచుకుని ఉన్నాను. మా ఆయన పాస్తా ఉడుకుతున్న పెద్ద గిన్నెని పొయ్యి మీంచి దించి, నీళ్ళు వార్చడానికి సింకు వైపు నడిచాడు. వదిన వీపు ఆయన వైపు ఉంది. కుళాయి పారుతున్న చప్పుడు వినిపించింది. ఓవెన్ తలుపు పడిన చప్పుడు వినిపించింది. పొడుగోడు హాల్లో ఎవరితోనో నవ్వడం కూడా వినిపించింది. ఆ ఒక్క కేక వినిపించలేదు. వదిన పక్కనున్న ట్రే అందుకుందామని చటుక్కున ఇటు తిరిగింది. గిన్నె అంచు ఆమె మోచేతికి తగిలింది.

మరిగే నీళ్ళు ఒలికి మోచేతినుంచి వేళ్ళదాకా కాలిపోయింది. ఆస్పత్రికి తీసుకెళ్ళింది నేను. కట్టు కట్టించుకుని బయటికొస్తూ వదిన నన్ను ఒకే ఒక్క మాట అడిగింది. "వాడు పిలిచాడా?"

"లేదు" అన్నాను.

"అదే. నాకే వినబడలేదేమోనని."

హోటల్లో ఓనరు అడిగితే మా ఆయన మాత్రం, "పిలిచాను సార్. తనే వినిపించుకోలేదు" అన్నాడట. తొణక్కుండా బెణక్కుండా అన్నాడట. ఓనరుకి అంతకన్నా ఏం కావాలి? "కేకేసినా వినిపించుకోనివాళ్ళని వంటింట్లో పెట్టుకుంటే రేపు నా కొంప మునుగుతుంది" అని, వదిన చేతి కట్టు విప్పకముందే సింకు దగ్గర ఇంకో అమ్మాయిని పెట్టేశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏప్రన్ విప్పి ఆయన కౌంటరు మీద పడేశాను.

"మా ఆయన పిలవలేదు. నేను కిటికీ దగ్గరే ఉన్నాను."

"మొగుడి మీదే చెప్తున్నావా?" అన్నాడు ఓనరు, ఏదో వేడుక చూస్తున్నట్టు.

"మొగుడు కాబట్టే చెప్తున్నాను. ఆ గొంతు నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?"

మా ఆయన వంటింట్లోంచి వింటూనే ఉన్నాడు. ఉల్లిపాయ తరగడం ఆపలేదు. పొడుగోడు కూడా తన ఏప్రన్ తెచ్చి నా ఏప్రన్ మీద పెట్టాడు. "నాకు ఏదీ వినబడలేదు సార్, హాల్లో ఉన్నాను. కానీ ఆమెని తీసేసిన పద్ధతి నాకు నచ్చలేదు" అన్నాడు. పొడుగోడు ఎప్పుడూ అంతే. చూస్తే మిద్దె మీద ఎండేసిన గెడకర్రలా ఉంటాడు గానీ వాడికి వెన్నెముక ఉంది.

ఇంటికొచ్చాక మా ఆయన నాతోనూ మాట మానేశాడు. దాంతో ఇంట్లో మాట్లాడుకునేవాళ్ళకన్నా మాట్లాడుకోనివాళ్ళు ఎక్కువయ్యారు. మధ్యలో అత్తయ్య నలిగిపోయింది.

"అత్తయ్యా, ఒట్టేసి చెప్పమనండి, పిలిచానని" అనేదాన్ని నేను.

"అమ్మా, ఈ ఇంట్లో కొందరికి చెవులు మరీ ఎక్కువయ్యాయని చెప్పు" అనేవాడు ఆయన.

"నాకు చెవులు బాగానే ఉన్నాయమ్మా. పోయింది చెయ్యి" అనేది వదిన లోపలి గదిలోంచి.

అత్తయ్య నెత్తి కొట్టుకునేది. "నా కొడుకు అబద్ధం ఆడడు. నా కూతురు చెవిటిది కాదు. మరి ఆ రోజు ఆ వంటింట్లోకి దయ్యమేమన్నా వచ్చి నోరు మూసిందా?" ఆవిడ ఇద్దర్నీ నమ్మింది. ఇద్దర్నీ నమ్మడం ఎంత కష్టమో ఆవిడ మొహం చూస్తే తెలిసేది.

హోటల్లో కూర్చునే ఆలోచన పొడుగోడిది. "గుమ్మం బయట ఎండలో నిలబడి అరిస్తే మన గొంతే పోతుంది. లోపలికెళ్ళి కూర్చుందాం. తినడానికి వచ్చినవాళ్ళని ఎవరు గెంటుతారు? పైగా ఎంతసేపైనా కూర్చోండని గోడమీద రాసుకున్నాడు కదా." మాకు కావలసింది ఒక్కటే. పిలవలేదని మా ఆయన తన నోటితో చెప్పాలి. అప్పుడు తప్పు వదినది కాదని తేలుతుంది, ఆమె పని ఆమెకి వస్తుంది. ఆ మాట ఆయన నోట వచ్చేదాకా లేచేది లేదని పంతం పట్టాం. అత్తయ్య మాత్రం తన కొడుకు పిలిచాడని తేల్చుకుందామని మా వెంట వచ్చింది.

మొదటి సాయంత్రం మేం వెళ్ళేసరికి ఓనరు అలవాటుకొద్దీ చేతులు చాచి ఎదురొచ్చి, ఎవరో గుర్తుపట్టి, చాచిన చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక జుట్టు సవరించుకున్నాడు. కిటికీకి ఎదురుగా ఉన్న బల్ల దగ్గర కూర్చున్నాం. వదిన కట్టు కట్టిన చేతిని ఎర్రగళ్ళ గుడ్డ మీద పెట్టుకుంది. మా ఆయన తల ఎత్తితే కనబడేది ఆ చెయ్యే. చూడకుండా ఉండాలంటే ఆయన కళ్ళు మూసుకుని వండాలి.

"ఏం తీసుకుంటారు?" అని కొత్తగా చేరిన కుర్రాడు వచ్చాడు.

"అన్నిట్లోకీ చవకది ఏదో అది" అన్నాను. "ఒక్కొక్కటే తీసుకురా. మాకు తొందరేం లేదు."

వెల్లుల్లీ ఆలివ్ నూనె వేసిన స్పగెట్టి వచ్చింది. అత్తయ్య ఫోర్కుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక్క పోగు నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది.

"ఇది ఉడకలేదు బాబూ."

"అలాగే ఉండాలమ్మగారూ. పంటికి కొంచెం తగలాలి."

"నా పళ్ళకి ఏదైనా తగులుతుంది. ఇది తీసుకెళ్ళి, వండినవాణ్ణి ఇంకాసేపు ఉడకబెట్టమను. వాళ్ళమ్మ చెప్పిందని చెప్పు."

ప్లేటు లోపలికి వెళ్ళింది. కాసేపటికి తిరిగొచ్చింది. అత్తయ్య రుచి చూసి, ఈసారి కిటికీకి వినబడేలా అంది. "ఇప్పుడు జావ అయింది. సాసు అడుగంటించే చేతికి మధ్యరకం రాదు కాబోలు." కొడుకుని వెనకేసుకురావడానికి వచ్చిన మనిషే ఆవిడ. అయినా వంట బాగాలేకపోతే ఊరుకునే రకం కాదు. వదిన చాలా రోజుల తర్వాత నవ్వింది. కిటికీ అవతల గరిటె ఒకటి గిన్నెలో ఠంగుమని పడింది.

ఇక ప్రతి సాయంత్రం అదే భాగోతం. ఓనరు ముందు మా నెత్తిమీద ఫ్యాను ఆపించాడు. మేం విసనకర్రలు తెచ్చుకున్నాం. పాటల మోత పెంచాడు. పొడుగోడు ఆ పాటలకి అడ్డదిడ్డంగా గొంతు కలిపాడు. పక్కబల్లవాళ్ళు బతిమాలితే ఓనరే మోత తగ్గించాల్సి వచ్చింది. మా బల్లని బాత్‌రూం తలుపు పక్కకి జరిపించాడు. మేం కుర్చీలు తిరిగి కిటికీ వైపే ఈడ్చుకున్నాం. వచ్చేవాళ్ళు తగ్గసాగారు. వచ్చినవాళ్ళు కూడా గబగబా తిని లేచిపోయేవాళ్ళు. ఎంతసేపైనా కూర్చునేది మేమే.

అందరూ మా పక్షం అనుకునేరు, కాదు. పక్కబల్ల దగ్గర రోజూ ఒక టీచరు తింటుంది. ఒకనాడు ఉండబట్టలేక అంది. "ఇంట్లో తేల్చుకోవాల్సినవి ఇక్కడికెందుకు తెస్తారు? మనశ్శాంతిగా ఒక ముద్ద తినే వీల్లేదు."

"ఇంట్లో కాలలేదు మేడమ్. ఇక్కడ కాలింది" అన్నాను.

ఆవిడ చీజ్ డబ్బా నా వైపునుంచి తన వైపుకి జరుపుకుంది. దానివల్ల నాకు ఒరిగేదీ తరిగేదీ ఏమీ లేదు గానీ, ఆ జరుపుకోవడం చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మా ఆయన మీద నా కోపం రోజురోజుకీ ముదిరింది. ఒక్క మాట. పిలవలేదు అనే ఒక్క మాట. దానికోసం ఇంతమంది ఇన్ని పూటలు ఆ పిండితాళ్ళు నమలాల్సి వస్తోంది. ఆయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు వండుతున్నాడు. మా ప్లేట్లని కూడా పొందిగ్గా అమర్చి, అంచులు తుడిచి పంపేవాడు. ఆ తుడిచిన అంచులు చూస్తే నాకు ప్లేటు నేలకేసి కొట్టాలనిపించేది.

అత్తయ్య తినేది తక్కువ, వినేది ఎక్కువ. కిటికీకి అందరికన్నా దగ్గరగా కూర్చుని చెవులు అటే ఉంచేది. లోపల కొత్తమ్మాయి సింకు దగ్గర ఉంటుంది. మా ఆయన గిన్నె పట్టుకుని అటు వెళ్ళినప్పుడల్లా "వెనక" అని కేక వినబడుతుంది. కొన్నాళ్ళకి అత్తయ్య మొహం విప్పారింది.

"చూశావే?" అంది వదినతో. "ఒక్కసారి కూడా మానడం లేదు. ఉత్త గిన్నె పట్టుకున్నా పిలుస్తున్నాడు. అంత అలవాటైన నోరు ఆ రోజు మాత్రం ఎందుకు ఊరుకుంటుంది? కుళాయి చప్పుడులో నీకే వినబడలేదేమో."

వదిన ఫోర్కు కింద పెట్టేసింది. "ఆ పిల్లతో వాడు మాట్లాడుతున్నాడమ్మా. అందుకే పిలుస్తున్నాడు."

"పిచ్చి మాటలు మాట్లాడకు. అలిగినంత మాత్రాన చేతిలో మరుగుతున్న నీళ్ళు పెట్టుకుని ఎవరైనా నోరు మూసుకుంటారా? సొంత అక్క వెనక?"

"నువ్వే కన్నావుగా. నువ్వే చెప్పు."

"నిన్నూ నేనే కన్నాను. నీ నోటి దురుసే వాడి కోపానికి కారణం."

ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు. మా బల్ల దగ్గర మాట్లాడుకోనివాళ్ళు ఒక జత పెరిగారు. ఆ పూట పొడుగోడు ఒక్కడే నాలుగు ప్లేట్లూ ఖాళీ చేశాడు.

వారానికి ఒకరోజు హోటలుకి సెలవు. ఆ సెలవురోజు పొద్దున మా ఆయన తన కోసం బంగాళాదుంపలు ఉడకబెట్టుకుంటున్నాడు. అప్పటికి ఇంట్లో ఎవరి వంట వాళ్ళదే. నేను సింకు పక్క గట్టు మీద నాకోసం ఉల్లిపాయలు తరుక్కుంటున్నాను. ఆయన ఉన్నట్టు నేను చూడలేదు, నేనున్నట్టు ఆయన చూడలేదు. అత్తయ్య గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చుంది. ఉల్లిపాయ మంటకి నా కళ్ళు నిండిపోయాయి. కళ్ళు తుడుచుకోవడానికి పక్కకి తిరిగి కొక్కేనికున్న గుడ్డ కోసం చెయ్యి చాచబోయాను.

ఎవరో నా జబ్బ పట్టుకుని ఒక్క ఈడ్పు ఈడ్చారు. వెళ్ళి గోడకి తగిలాను. కత్తి చేతిలోంచి జారిపోయింది. కళ్ళు తెరిచేసరికి నేను నిలబడిన చోటునుంచి ఆవిరి కక్కుతున్న గిన్నె పట్టుకుని మా ఆయన నడిచిపోతున్నాడు. తిన్నగా సింకు దగ్గరికెళ్ళి నీళ్ళు వార్చాడు. దుంపలు ప్లేటులో వేసుకున్నాడు. మా వైపు చూడకుండా ముందుగదిలోకి వెళ్ళిపోయాడు.

నన్ను లాగింది అత్తయ్యే. నా జబ్బ ఇంకా వదల్లేదు. ఆ వయసు మనిషి పీట మీంచి అంత వేగంగా ఎలా లేచిందో నాకు ఇప్పటికీ తెలియదు. చాలాసేపు ఆ సింకు వైపే చూసింది. తర్వాత వంగి కత్తి తీసి గట్టు మీద పెట్టి, మిగిలిన ఉల్లిపాయలు తనే తరిగింది.

మర్నాడు సాయంత్రం హోటలుకి వెళ్ళాం. అత్తయ్య కూర్చోలేదు. బల్లల మధ్యనుంచి నడిచి కిటికీ దగ్గరికెళ్ళి నిలబడింది.

"ఒరేయ్, ఇటు రా."

"పనిలో ఉన్నానమ్మా."

"పొయ్యి కట్టెయ్."

ఆయన కట్టేశాడు. ఓనరు కౌంటరు వదిలి పరిగెత్తుకొచ్చాడు. "పెద్దమ్మగారూ, ఇంటి విషయాలు ఇంట్లో చూసుకుంటే..."

"మీరు కాసేపు ఊరుకోండి బాబూ. ఇన్నాళ్ళూ మీ హోటల్లో కూర్చున్నది ఈ మాట కోసమే." అత్తయ్య ఆయన వైపు తిరగను కూడా తిరగలేదు. "నిన్న నీ పెళ్ళాం వెనకనుంచి మరిగే గిన్నె పట్టుకుని వెళ్ళావు. పిలిచావా?"

మా ఆయన చేతిగుడ్డ తీసుకుని వేళ్ళు తుడుచుకోసాగాడు. ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకున్నాడు.

"పిలవలేదు."

"మరి అక్కని?"

వదిన తల ఎత్తలేదు. మా ఆయన ఓనరు వైపు చూశాడు, తర్వాత అక్క చేతి వైపు చూశాడు.

"పిలవలేదు" అన్నాడు. "అక్క తప్పేం లేదు సార్. నేనే పిలవలేదు. పనిలో పడి మర్చిపోయాను."

అంతే. ఇన్నాళ్ళు పంతం పట్టింది ఈ నాలుగు ముక్కల కోసం. వదిన కట్టు మీద మొహం పెట్టుకుని భోరుమంది. పొడుగోడు ఆమె వీపు నిమిరాడు. ఓనరు, హాలంతా తనవైపే చూస్తోందని గమనించి, గొంతు సవరించుకుని, చెయ్యి మానగానే వదిన పనిలోకి రావచ్చన్నాడు. తన హోటల్లో నిజానికి ఎప్పుడూ చోటుంటుందని కూడా అన్నాడు. అక్కడితో ఆగక అన్ని బల్లలకీ తీపి తెప్పించాడు. కాఫీలో నానబెట్టిన కేకు మీద మీగడ వేసి ఇస్తారే, అది.

టీచరు లేచి కిటికీ దగ్గరికెళ్ళింది. "అందరి ముందూ తప్పొప్పుకోవడానికి ఎంత గుండె కావాలి" అని మా ఆయనతో అంది. వెనకే ఇంకెవరో వెళ్ళి చెయ్యి కలిపారు. ఓనరు లోపలికెళ్ళి ఆయన భుజం తట్టాడు. ఉన్నట్టుండి మా ఆయన ఆ వీధికంతటికీ పెద్దమనిషి అయిపోయాడు. కాలినది వదిన చెయ్యి. మెప్పు వచ్చింది ఆయనకి. నేను ఆ తీపి ముట్టుకోలేదు. అత్తయ్య కూడా ముట్టుకోలేదు. ఆవిడ తిరిగొచ్చి కూర్చుని ఎదురుగా ఉన్న గోడని చూస్తూ ఉండిపోయింది. గెలిచిన మొహం కాదది.

నాకు ఒక మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. మర్చిపోయాను, అన్నాడు. మర్చిపోవడం ఎవరికైనా ఉంటుంది. సాసు అడుగంటినప్పుడూ మర్చిపోయాడు. అందుకే అందరూ అంత తొందరగా క్షమించేశారు. కానీ ముందురోజు పొద్దున మా వంటింట్లో ఉన్నది ఇద్దరమే, అత్తయ్య గుమ్మంలో. జానెడు చోటు. దాన్లో మనిషిని ఎలా మర్చిపోతారు?

మర్నాడు పొద్దున నేను లేచేసరికి మా ఆయన టీ పెడుతున్నాడు. నా గ్లాసు కూడా తీసి పెట్టాడు.

"పంచదార ఎంత?" అన్నాడు. అన్నాళ్ళ తర్వాత నాతో అన్న మొదటి మాట అది. మొహం తేటగా ఉంది. రాత్రంతా బాగా నిద్రపోయిన మొహం.

"ఎప్పుడూ వేసేంతే" అన్నాను. వేశాడు. కలిపాడు. నేను గట్టుకి ఆనుకుని నిలబడ్డాను.

"మొన్న నేనిక్కడ ఉన్నట్టు నీకు తెలీదా?"

"ఎప్పుడు?"

"దుంపలు వార్చినప్పుడు."

చెంచా ఆగింది. "నిన్న అందరి ముందూ చెప్పానుగా. ఇంకా ఎందుకు తవ్వుతావు?"

"అక్కడ మర్చిపోయానన్నావు. ఇక్కడ కూడా మర్చిపోయావా? నేను ఉన్నట్టు తెలుసా, తెలీదా? అదొక్కటి చెప్పు. ఇంకేం అడగను."

ఆయన నిజంగానే ఆలోచించాడు. దాటవేద్దామని చూడలేదు. ఆ మాటవరకు ఆయనకి అన్యాయం చెయ్యను. అడిగితే ఒక్కోసారి నిజం చెప్తాడు, దానివల్ల తనకేం కాదనుకున్నప్పుడు.

"తెలుసు" అన్నాడు.

"అక్కడ అక్క ఉన్నట్టు కూడా?"

"ఆఁ."

"మరి ఎందుకు పిలవలేదు?"

"నోటిదాకా వచ్చింది. అక్కడ కూడా వచ్చింది" అన్నాడు. గొంతులో కోపం లేదు. కూర్చోబెట్టి లెక్క నేర్పుతున్నవాడిలా మెల్లగా చెప్పాడు. "మాట్లాడకూడదని ఒకసారి అనుకున్నాక, పిలిస్తే నేను ముందు మాట్లాడినట్టే కదా. నేనే తగ్గినట్టు కదా. అందుకని ఊరుకున్నాను. కాలుతుందని ఎవరు కోరుకుంటారు?" గ్లాసు నా ముందుకి జరిపాడు. "అయిపోయిందిగా. తాగు, చల్లారిపోతుంది."

టీ బాగానే ఉంది. నిలబడే తాగాను. ఆయన తన గ్లాసు పట్టుకుని, ఏదో పాట కూనిరాగం తీస్తూ ముందుగదిలోకి వెళ్ళాడు. నేను గ్లాసు కడిగి బోర్లించి, వెనకగదిలోకి వెళ్ళాను.

వదిన మంచం మీద కూర్చుని ఒంటిచేత్తో తన సంచి జిప్పు లాగడానికి అవస్థ పడుతోంది. అత్తయ్య నేలమీద కూర్చుని ఉంది. ఆవిడ పక్కన తాళ్ళు బిగించిన రెండు పెట్టెలు ఉన్నాయి. ఒకటి ఆవిడది. రెండోది నాది. నా బట్టలన్నీ అప్పటికే అందులో సర్దేసింది.

ఏమన్నాడని ఆవిడ నన్ను అడగలేదు.